మా బీరువాలో లేని మందు

మా రోజుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందుల బీరువా తెరిస్తే మనసుకు సంబంధించినవి రెండే రెండు కనిపించేవి. నిద్రకు కాంపోజ్, మూర్ఛకు గార్డినాల్. దిగులుతో తిండి మానేసి మూల కూర్చున్న మనిషి వస్తే ఇవ్వడానికి ఇక మిగిలేది బీకాంప్లెక్స్ సూది, ఒక సీసా ఎర్ర మిక్స్చరు, "బలమైన తిండి పెట్టండమ్మా" అనే సలహా. దివిసీమలో కాంపౌండరుగా చేరిన నేను సర్వీసులో సగభాగం ఆ మూడింటితోనే నెట్టుకొచ్చాను. కావలసిన మందు ప్రపంచంలో ఉంది, మా బీరువాలో లేదు. ఇప్పుడు ఆ మందు ఓ మోస్తరు ఊళ్ళో మెడికల్ షాపులో కూడా దొరుకుతోంది. అయినా మనిషి ఆ మూలనే కూర్చుని ఉన్నాడు. ఇంట్లోవాళ్ళు అప్పుడన్న మాటలే ఇప్పుడూ అంటున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా వయసువాళ్ళు నలుగురు చేరితే "మన రోజుల్లో ఈ డిప్రెషన్లూ గిప్రెషన్లూ ఎక్కడివండీ, ఉమ్మడి కుటుంబాలు, ఒళ్ళొంచి పని, కంటినిండా నిద్ర" అంటారు. నేను ఒప్పుకోను. పొద్దున్నే మందుల కిటికీ దగ్గర నిలబడే ఆడవాళ్ళు చెప్పే బాధలు నాకింకా చెవుల్లో ఉన్నాయి. నీరసం, గుండెదడ, తలపోటు, ఒళ్ళంతా మంటలు, అరుగుదల లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టకపోవడం. జ్వరం ఉండదు. రక్తం తక్కువని మాత్రలిచ్చినా తగ్గదు. మనసు బాగోలేదంటే ఆ ఇళ్ళలో వినే నాథుడు లేడు. ఒళ్ళు నొప్పులంటే మాత్రం అత్తగారు ఆస్పత్రికి పంపేది. అందుకని లోపలి బాధంతా ఒంటి నొప్పి పేరు పెట్టుకుని మా గుమ్మం ఎక్కేది. సూది వేయించుకుని రెండు రోజులు తేలిగ్గా ఉందనేవారు, మూడో రోజు మళ్ళీ వచ్చేవారు. "కాంపౌండరు గారూ, ఈసారి కాస్త పవరున్న సూది వెయ్యండి" అని అడిగేవారు. ఏ పవరున్న సూది వెయ్యను?

మగవాళ్ళ సంగతి ఇంకోలా ఉండేది. బంగారంలాంటి రైతు ఉన్నట్టుండి పొలానికి వెళ్ళడం మానేస్తాడు. గడ్డం పెరిగిపోతుంది. పలకరిస్తే ఊఁ అనడు, ఆఁ అనడు. మనాది పట్టుకుందనేవారు. ముందు దిష్టి తీసేవారు, తర్వాత తాయెత్తు, తర్వాత భూతవైద్యుడి వేపమండలు, ఆ తర్వాత దర్గాలో నిద్రలు. ఏడాది తిరిగి మనిషి సగమయ్యాక "విశాఖపట్నం తీసుకెళ్ళాలేమో" అనే మాట ఎవరో ఒకరి నోటి వెంట వచ్చేది. విశాఖపట్నమంటే చినవాల్తేరు పిచ్చాసుపత్రి. తెలంగాణ వైపైతే ఎర్రగడ్డ. ఆ పేరు వినగానే ఇంట్లో పెళ్ళికి ఎదిగిన ఆడపిల్లలు గుర్తొచ్చేవారు, ప్రయాణం ఆగిపోయేది. చివరికి ఆ మనిషి ప్రాణం తీసుకుంటే పేపర్లో ఓ మూల నాలుగు లైన్లు, కడుపునొప్పి తాళలేక అని. ఆత్మహత్యాయత్నం నేరమైన కాలం అది. పోలీసులకూ, ఇంటివాళ్ళకూ, ఊరికీ అందరికీ సరిపోయే కారణం ఆ కడుపునొప్పి. దాని వెనక ఎంత డిప్రెషన్ దాక్కుందో లెక్క కట్టినవాళ్ళు లేరు. మన రోజుల్లో ఈ జబ్బు లేదనేవాళ్ళు ఒకసారి ఆ పాత పేపర్లు తిరగేసి మాట్లాడాలి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసినవాణ్ణి నేను. పది వేల మందికి పైగా పోయారు, ఎక్కువమంది మా సీమవాళ్ళే. తర్వాత కలరా టీకాలు వేశాం, నూతుల్లో బ్లీచింగ్ పౌడరు కలిపాం, దేశం నలుమూలల నుంచీ బియ్యం, బట్టలు వచ్చాయి, తుఫాను ఇళ్ళు లేచాయి. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలినవాడు, చేతిలోంచి బిడ్డ జారిపోయిన తల్లి, ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. నెలలు గడిచేకొద్దీ చాలామంది ఏడుస్తూనే లేచారు. వల భుజాన వేసుకున్నారు, చేలో దిగారు, కొందరు మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకున్నారు. కొందరు లేవలేదు. వాళ్ళకు ఏడుపు కూడా రావడం మానేసింది. నేనే వాళ్ళని పొట్టన పెట్టుకున్నాను, నేనెందుకు మిగిలాను, నేను బతికి ఎవరికి ఉపయోగం, ఇదే ధోరణి. లేచినవాళ్ళది దుఃఖం. లేవలేకపోయినవాళ్ళలో ఎంతోమందిది జబ్బు. దుఃఖంలో ఉన్న మనిషి మనవడు ఒళ్ళో వాలితే ఒక్క క్షణమైనా నవ్వుతాడు, పోయినవాళ్ళని తలుచుకుని కుమిలినా తనను తాను పనికిమాలినవాణ్ణి అనుకోడు. ఈ జబ్బులో ఆ ఒక్క క్షణం కూడా దొరకదు. ఆ తేడా చెప్పడానికి మా ఆస్పత్రికి ఒక్కరూ రాలేదు. 2004లో సునామీ వచ్చినప్పుడు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు తీరప్రాంతాలకు వెళ్ళి, బాధితుల మనసు కనిపెట్టి ఊరట కలిగించడం ఎలాగో కార్యకర్తలకు నేర్పారని చదివాను. దివిసీమకు ఆ పాటి సాయం అంది ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కాంపౌండర్లకు కొట్టినపిండి క్షయ వైద్యం. ఐఎన్‌హెచ్ మాత్రలు రోజూ లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళం. 1952లో న్యూయార్క్‌లో, స్టాటెన్ ఐలండ్ మీదున్న సీ వ్యూ క్షయ ఆస్పత్రిలో, ఈ ఐఎన్‌హెచ్ కుటుంబానికే చెందిన ఇప్రోనయజిడ్ అనే మందు ఇస్తే రోగులు మంచాల మీంచి లేచి హుషారుగా తిరగడం మొదలెట్టారట. ఊపిరితిత్తుల సంగతి తర్వాత, ముందు మనసు లేచింది. 1957 నాటికి దాన్ని డిప్రెషన్‌కు వాడటం ప్రారంభించారు. ఆ తర్వాత కాలేయానికి ప్రమాదమని పక్కన పెట్టేశారనుకోండి. అదే 1957లో స్విట్జర్లాండ్‌లో రోలండ్ కూన్ అనే డాక్టరు ఇమిప్రమైన్ ఈ జబ్బుకు పనిచేస్తుందని ప్రకటించాడు. ఇదంతా నేను ఉద్యోగంలో చేరకముందు మాట. పట్నంలో మానసిక వైద్యులు ఆ మందులు రాస్తూనే ఉన్నారు. పల్లెకు దారి దొరకలేదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం అన్నారు, 1996లో జిల్లా కార్యక్రమం అన్నారు. మా బీరువాలోకి డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్ వచ్చేసరికి నా తల నెరిసిపోయింది.

ఇప్పటి వాళ్ళకు ఏం తక్కువ? 1987 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన డిప్రెషన్ మందు ఫ్లూఓక్సెటిన్ ఇవాళ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. సెర్ట్రలిన్, ఎసిటలోప్రామ్ ఉన్నాయి. జనరిక్‌లో కొంటే బీపీ బిళ్ళలకయ్యేపాటి ఖర్చు. పాత మందులతో నోరు ఎండిపోయేది, మలబద్ధకం, మత్తు, గుండె జబ్బున్నవాళ్ళకు ప్రమాదం. కొత్తవాటితో ఆ బెడద బాగా తగ్గింది. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడు కూర్చుంటున్నాడు. ఇన్ని ఉండీ, 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో తేలిందేమిటి? పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్ళే. డిప్రెషన్, ఆందోళన లాంటి రుగ్మతలున్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా వైద్యం అందలేదు. మందు లేక ఒకనాడు, మందుండి ఈనాడు. రెండోదాన్ని నేను క్షమించలేను.

పేరు మాత్రం అందరి నోటా నానుతోంది. మ్యాచ్ ఓడితే డిప్రెషన్, సెలవు దొరక్కపోతే డిప్రెషన్. 2015లో దీపికా పదుకోణ్ లాంటి పెద్ద తార తనకీ జబ్బు వచ్చిందని, మందులూ కౌన్సెలింగూ తీసుకున్నానని టీవీలో చెప్పినప్పుడు ఇక జనం మారతారనుకున్నాను. మాట పాకింది గానీ జబ్బేమిటో తెలియలేదు. కనీసం రెండు వారాల పాటు, దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ మనసు కుంగిపోయి ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోవడం, ఈ రెంటిలో ఒకటైనా ఉండాలి. దానితోపాటు నిద్ర చెడటం, ఆకలి తగ్గడమో పెరగడమో, ఒంట్లో సత్తువ లేకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, తాను దండగమారినన్న భావన, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన. వీటిలో కొన్ని కలిసి మనిషి రోజువారీ బతుకును ఆపేస్తే అది జబ్బు. డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆయన కూడా వెంటనే మాత్ర రాసేయకూడదు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా, బీ12 లోపించినా మనిషి ఇలాగే నీరసపడతాడు, అవి చూడాలి. గతంలో ఎప్పుడైనా పట్టరాని హుషారు, నిద్రలేకుండా రోజుల తరబడి తిరగడం, విచ్చలవిడి ఖర్చు ఉన్నాయా అని అడగాలి. ఉంటే అది బైపోలార్ కావచ్చు. అప్పుడు ఒట్టి డిప్రెషన్ మందు ఇస్తే జబ్బు ఆ హుషారు వైపు ఎగదన్నవచ్చు. ఈ సంగతులు రోగి తనంతట తాను చెప్పడు, అడగాలి. నిమిషానికో రోగిని చూసే చోట ఎవరడుగుతారు?

మందుల షాపుల మీద నా కోపం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది నా వృత్తి. నిద్ర పట్టడం లేదనగానే చీటీ అడక్కుండా ఆల్‌ప్రజొలామ్ చేతిలో పెట్టేవాళ్ళున్నారు. మా కాంపోజ్‌కు వరసకు తమ్ముడది. ఆ రాత్రికి పడుకోబెడుతుంది, డిప్రెషన్‌ను తగ్గించదు, కొన్ని వారాలు వాడితే అలవాటైపోతుంది, మానితే గాభరా. జనం దీన్ని చూసి మానసిక వైద్యుల మందులన్నీ అలవాటు పడేవేనని ఒకే గాటన కట్టారు. అలవాటు చేసేదాన్ని అడిగి మరీ కొనుక్కుంటారు, చేయనిదాన్ని చూసి భయపడతారు! ఫ్లూఓక్సెటిన్ వర్గపు మందులు మత్తు పెట్టవు, మోతాదు పెంచుకుంటూ పోవాలనే యావ పుట్టించవు.

అవి నిదానంగా పనిచేస్తాయి, చిక్కంతా అక్కడుంది. మొదటి వారం పది రోజుల్లో కడుపులో వికారం, తలనొప్పి, కాస్త ఆందోళన, ఇవే ముందు కనిపిస్తాయి. గుణం రెండు నుంచి నాలుగు వారాలకు మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఈలోగానే "పడలేదండీ" అని మానేస్తారు. ఇంకొందరు రెండు నెలలకు తేరుకుని, బాగైపోయింది కదా అని మానేస్తారు. క్షయ రోగులతో నేను సర్వీసంతా పడిన పోరు ఇదే. దగ్గు తగ్గగానే మాత్ర మానేసేవాళ్ళు, ఏడాదికి నెత్తురు కక్కుకుంటూ వచ్చేవాళ్ళు. ఇక్కడా అంతే, తేరుకున్నాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువ కాలం. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి, ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, చిరాకు, నిద్రలేమి వస్తాయి. మందు వల్ల దాంపత్య జీవితంలో ఇబ్బంది కలగొచ్చు, సిగ్గుపడి మందు మానేసే బదులు డాక్టరుకు చెబితే మారుస్తాడు. మొదటి మందే అందరికీ పట్టదు, మార్చడం మామూలే. పాతికేళ్ళలోపు పిల్లలకైతే మొదటి వారాల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, చావు ఆలోచనలు ఎక్కువయ్యే ప్రమాదం కొందరిలో ఉంటుంది. ఇవన్నీ చీటీ రాసిచ్చేటప్పుడు ఒక్క అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే సగం మంది మందు మానరు.

మాటలతో వైద్యమంటే నవ్వేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. తేలికపాటి డిప్రెషన్‌కు చాలాసార్లు ముందు ఇచ్చే వైద్యం అదే, తీవ్రమైనదానికి మందుతోపాటు ఇస్తారు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ మొదలుపెట్టిన పద్ధతిలో, నేను పనికిరానివాణ్ణి అనే ఆలోచనను పట్టుకుని, దానికి సాక్ష్యమేదని రోగి చేతనే పరీక్షింపజేస్తారు. ఇంకో పద్ధతిలో మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న చిన్న పనులు రోజుకొకటి చేయిస్తూ మనసును లేపుతారు. దీనికి పెద్ద డిగ్రీలే కావాలనీ లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు రోగితో కూర్చోబెడితే మంచి గుణం కనిపించిందని 2017లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో మొదలుపెట్టిన పనైతే మరీ బాగుంటుంది. హరారేలో ఆస్పత్రుల బయట చెక్క బెంచీలు వేసి, శిక్షణ పొందిన అమ్మమ్మల్ని కూర్చోబెట్టాడు. బాధలో ఉన్నవాళ్ళు పక్కన కూర్చుని చెప్పుకుంటారు. మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలున్నారు, పదవీ విరమణ చేసిన టీచరమ్మలున్నారు, నర్సమ్మలున్నారు. మా తరానికి ఆ శిక్షణ ఇచ్చి ఉంటే ఆ సూదుల బదులు ఆ బెంచీయే వేసేవాళ్ళం. ఇప్పుడైనా వేయరేం?

దానికి బదులు ఏం నడుస్తోంది? సెల్‌ఫోన్లో ఓ పెద్దమనిషి కోటు వేసుకుని "లే, పరుగెత్తు, గెలు" అని అరుస్తుంటాడు. పళ్ళు తోముకోవడమే కొండెక్కడంలా ఉన్న మనిషికి ఆ అరుపు వినిపించి, "చూడు, వాడికి కాళ్ళు లేకపోయినా ఎంత సాధించాడో" అంటారు. అది అతనికి ఇంకో నేరం అంటగట్టడమే. నడక, వ్యాయామం నిజంగానే మేలు చేస్తాయి, పక్కన మనిషి తోడుండి మెల్లగా నడిపిస్తే. ఇంకొందరు పిల్లకు పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. నా చిన్నప్పుడూ అదే అనేవారు, మొన్న ఇంజనీరింగ్ చదివిన తండ్రి నోట కూడా విన్నాను. జబ్బు దాచి పెళ్ళి చేయడం, పెళ్ళవగానే మాత్రలు మాన్పించడం, పుట్టింటివాళ్ళే చేసే ఈ పని ఎంత ఘోరమో వాళ్ళకు తెలియడం లేదు. పురుడు పోసుకున్న పిల్ల రోజుల తరబడి ఏడుస్తూ బిడ్డ వంక చూడకపోతే మా రోజుల్లో గాలి సోకిందనేవారు. ఇప్పుడు బిడ్డ టీకాల కార్డు భద్రంగా ఇచ్చి పంపుతున్నారు. తల్లిని మాత్రం "నిద్ర పడుతోందా అమ్మా" అని అడిగే చీటీ ఎక్కడా లేదు.

షాక్ చికిత్స గురించి సినిమాలు జనాన్ని పాడుచేశాయి. 1938లో రోమ్ నగరంలో మొదలైన కాలంలో, ఆ తర్వాత మన దేశంలోనూ, మత్తు ఇవ్వకుండా పెట్టడం చూసి జనం హడలిపోయిన మాట నిజం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తుమందు, కండరాలు సడలించే మందు లేకుండా పెట్టడాన్ని నిషేధించింది. తిండీ నీళ్ళూ మానేసి, చావడానికే నిశ్చయించుకున్న మనిషికి మందు పనిచేసేదాకా ఆగే వ్యవధి ఉండదు. అలాంటి చోట అది ప్రాణం నిలబెట్టే వైద్యం. కొంతకాలం మతిమరుపు ఉంటుంది, చాలావరకు తగ్గుతుంది. ఆ చట్టమే ఇంకా మంచి పనులు చేసింది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు మంటల్లో కాలిపోయిన దేశం ఇది. ఇప్పుడు గొలుసు వేయడం నేరం. 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, అతనికి వైద్యం చేయించడం ప్రభుత్వ బాధ్యత. ఒంటి జబ్బుల్లాగే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా రాసింది. ఇక కడుపునొప్పి అని అబద్ధం రాయించాల్సిన పని లేదు.

మా వయసువాళ్ళకు ఒక మాట. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉంటారు, భార్యో భర్తో పోయి ఉంటారు. తిండి సహించదు, మతిమరుపు వచ్చినట్టుంటుంది, ఊరికే ఒళ్ళు నొప్పులు. వయసు మీద పడింది లెమ్మని సరిపెట్టుకుంటున్నాం. వీటిలో కొన్ని వైద్యంతో తగ్గే డిప్రెషనే. షుగరు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. షుగరు పరీక్షకు వెళ్ళినప్పుడే ఈ సంగతి కూడా డాక్టరు చెవిన వేయండి.

ఇంట్లో కుంగిపోయిన మనిషి ఉంటే "ధైర్యం తెచ్చుకో" అనకండి. పక్కన కూర్చోండి, చెప్పింది వినండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికొస్తుంది. ఉందంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. మాత్రలు మొదలుపెడితే డాక్టరు చెప్పేదాకా మాన్పించకండి. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు అది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.